కాలరు కొలత

కుట్టుపని గది. మధ్యాహ్నం దాటింది. కత్తిరించే బల్ల దగ్గర వదిన. అద్దం ముందు స్టూలు మీద, రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే మరదలు.

"ఇంత ఎత్తు కాలరా? తెల్లకోటుకి నిలువు కాలరు ఎవరైనా పెట్టించుకుంటారటే?"

"నేను పెట్టించుకుంటా. రాసుకో వదినా. గడ్డం కింద దాకా రావాలి."

"గడ్డం దాకా! ల్యాబులో సూదులు గుచ్చడానికి వెళ్తున్నావా, యుద్ధానికి వెళ్తున్నావా?"

"నీకెందుకు? కుట్టమన్నది కుట్టు."

"నాకెందుకా? రేపు నలుగురూ చూసి, ఈ దిక్కుమాలిన కాలరు ఎవరు కుట్టారూ అని అడిగితే నీ పేరు చెప్తారా, నా పేరు చెప్తారా?"

"ఫ్యాషనని చెప్పు."

"నీకు ఫ్యాషను! పెళ్ళినాటి చెప్పులు ఇంకా ఈడుస్తున్న మనిషివి. సర్లే, గడ్డం ఎత్తు. ముందు ఆ స్వెట్టరు తీసెయ్. ఈ ఎండలో స్వెట్టరేమిటి నీ మొహం?"

"ల్యాబులో ఏసీ. చలి ఒంట్లో ఉండిపోయింది."

"ఇక్కడ ఏసీ లేదుగా. నాకు చెమటలు కారిపోతున్నాయి. ఊఁ, కదలకు. మెడ బిగబట్టకు అంటుంటే!"

"బిగబట్టలేదు. అదే నా మెడ."

"పధ్నాలుగు ముప్పావు."

"నీ టేపు తప్పు."

"ఏమన్నావ్?"

"నీ గుడ్డ టేపు తప్పు అన్నా. నాది పదమూడు."

"పదమూడు ఎప్పుడు? ఆగు, పుస్తకం తీయనీ. నీ పేజీ... నీ పేజీ... ఇదిగో. మొదటి కోటు, మూడేళ్ళ కిందట, పదమూడు. రెండోది పదమూడుంపావు. మూడోది పధ్నాలుగు. ఇప్పుడు పధ్నాలుగు ముప్పావు. నీ మెడ నా పుస్తకంలో నడుచుకుంటూ పోతోంది, చూడు."

"ఒళ్ళొచ్చింది."

"ఒళ్ళొస్తే ముందు నడుముకి రావాలి. సరే, ఒకసారి మింగు."

"ఏం మింగాలి?"

"ఉమ్మి మింగవే. అద్దంలో చూస్తూ మింగు. చూశావా? అది కూడా నీతో పాటు పైకెళ్ళి కిందికొచ్చింది. ఒళ్ళు అలా ఎక్కి దిగుతుందా?"

"నాకు పాఠాలు చెప్పకు వదినా. అది థైరాయిడ్. పెద్దదయింది. ఇరవై ఏళ్ళుగా ఆ పరీక్ష చేస్తున్నది నేను. నువ్వు గుండీలు కుట్టుకో."

"తెలిసే కూర్చున్నావా? ఎవరికైనా చూపించావా లేదా?"

"ముగ్గురికి."

"ఏమన్నారు?"

"ఏమంటారు? మొదటివాడు నా మొహం కూడా చూడలేదు. రిపోర్టు చూశాడు, నార్మల్ అన్నాడు, తరవాతి మనిషిని పిలిచాడు. ఆ రిపోర్టు నేను తయారుచేసిందే! నేను రాసింది నాకే చదివి వినిపించడానికి వాడికి అంత చదువెందుకు?"

"రెండోవాడు?"

"రెండోవాడు కాస్త నయం. వెనక నిలబడి, బజార్లో పండు నొక్కి చూసినట్టు నొక్కాడు. స్కాను రాశాడు. స్కానులో పెద్దదయిందని వచ్చింది. గడ్డలేవీ లేవన్నారు. ఎందుకు పెద్దదయింది సార్ అని అడిగితే, రక్తం నార్మల్‌గానే ఉంది కదమ్మా, కొందరికి అలా పెరుగుతుంది అన్నాడు. కొందరికి! నేను కొందరినా?"

"మరి ఎవరివి? ఒక్కర్తివేగా."

"నవ్వు. నువ్వు నవ్వక ఏం చేస్తావ్."

"మూడోవాడి సంగతి చెప్పలేదు."

"వాడు ఇంకో పరీక్ష రాశాడు. అది మా ల్యాబులో చెయ్యం. చివరి వీధిలో ఉంది చూడు, ఆ కొత్త ల్యాబు, అక్కడ చేయించుకోమన్నాడు."

"చేయించుకున్నావా?"

"నేనా? అక్కడా? వాళ్ళ రిపోర్టులు నేను చూడలేదనుకున్నావా? కళ్ళు మూసుకుని అంకెలు వేస్తారు. అక్కడికెళ్ళి చెయ్యి చాపడమంటే నా ఇరవై ఏళ్ళ పని నేనే చెత్తబుట్టలో వేసుకోవడం."

"పరీక్ష చేయించుకోలేదన్నమాట. డాక్టరుకి ఏం చెప్పావు?"

"మా ల్యాబులో ఇంకోసారి చూసుకున్నా, నార్మలే అని చెప్పా. ఆరుసార్లు చూసుకున్నా వదినా. ఆరుసార్లూ రెండు పాయింట్ ఒకటి. అంగుళం తేడా లేదు."

"అయితే ఆయనేమన్నాడు?"

"ఆ చొక్కా ఎవరిది?"

"ఏ చొక్కా?"

"నీ చేతి కింద ఉన్నది. నీలం పూలది. బాగుంది."

"మాట మార్చకు. ఇది లెక్కల టీచరుది. సాయంత్రం వస్తుంది తీసుకెళ్ళడానికి. ఆవిడ కూడా కాలరు వదులు చెయ్యమంది."

"లెక్కల టీచరా? కళ్ళజోడు, సన్నటి గొంతు? అబ్బా, ఆవిడా! మా దగ్గరికి మూడుసార్లు వచ్చింది. తలనెప్పి మనిషి. జుట్టు ఊడుతోందండీ, నిద్ర సరిపోవట్లేదండీ, పాఠం మధ్యలో మాట మర్చిపోతున్నానండీ... మూడుసార్లూ నార్మల్. చివరిసారి నేనే చెప్పేశా. అమ్మా, మీకు రోగం లేదు, తీరిక ఉంది, అన్నా."

"ఆవిడ మొహం మీదే?"

"మొహం మీద కాక వీపు మీద చెప్తానా? హాలు నిండా జనం. అందరూ నవ్వారు కూడా. అప్పుడు తీసింది సంచీలోంచి ఆ చివరి వీధి ల్యాబు రిపోర్టు. వాళ్ళు తొమ్మిదిన్నర అని రాసిచ్చారట. మాది రెండున్నర. ఒకటే వారంలో తీసినవి. పైగా నాకు లెక్క చెప్పింది, మీది వాళ్ళదాంట్లో నాలుగో వంతే ఉంది, ఎక్కడో ఏదో తప్పింది, అని. లెక్కలు బళ్ళో చెప్పుకోండి తల్లీ అని పంపించేశా."

"పాపం."

"పాపమేంటి? అందరూ ఇంతే. ఒంట్లో కాస్త నలతగా ఉంటే చాలు, రిపోర్టులో ఏదో ఉండాలి. లేకపోతే మిషను తప్పు, నేను తప్పు. నాకు చలి లేదా? నాకు జుట్టు ఊడట్లేదా? నేను వెళ్ళి ఎవరి ప్రాణమైనా తీస్తున్నానా?"

"నా ప్రాణం తీస్తున్నావుగా. అయితే మూడో డాక్టరు ఏమన్నాడు?"

"నువ్వు వదలవే!"

"వదలను. గడ్డం దాకా కాలరు ఎందుకు?"

"చెప్పాగా, ఫ్యాషను."

"మరదలా."

"ఏంటి?"

"ఎందుకు?"

"కుట్లు కనపడకుండా."

"ఏం కుట్లు?"

"గురువారం ఆపరేషన్. గ్రంథి తీసేస్తారు. కారణం తెలియట్లేదు, గొంతుకి అడ్డం పడుతోంది, తీసేద్దాం అన్నాడు. సరే అన్నా."

"మెడ కోయించుకుంటావా! మా తమ్ముడికి చెప్పావా?"

"మీ తమ్ముడికి చెప్తే ఏం చేస్తాడు? టీవీ సౌండు తగ్గించి, ఆహా అంటాడు. మళ్ళీ పెంచుతాడు."

"నాకైనా చెప్పలేదేం?"

"నీకు చెప్తే ఇదిగో, ఇలా చూస్తావని. చూడకు అలా. భయమేస్తోంది వదినా. పడుకుంటే గొంతు మీద ఎవరో చెయ్యేసి కూర్చున్నట్టు ఉంటుంది. దానికో పేరుంటే తిట్టుకుందును. ఊరందరి రోగాలకీ పేర్లు పెట్టి పంపిస్తాను, నా దానికి పేరు లేదు. ఇంక తీసి పారేస్తే గొడవ వదిలిపోతుంది."

"కారణం తెలియకుండా కోసేవాడు డాక్టరా, దర్జీయా? నేనే నయం, ఎందుకు పట్టట్లేదో చూడందే కత్తెర పెట్టను."

"ఆయన తప్పేముంది? రిపోర్టు నార్మల్."

"ఆరుసార్లూ రెండు పాయింట్ ఒకటి."

"ఆఁ."

"ఒక్కసారి కూడా రెండు రాలేదా? రెండుంపావు రాలేదా?"

"లేదు."

"నేను ఒకే మనిషిని ఆరుసార్లు కొలిస్తే ఆరు రకాలుగా వస్తుంది. అన్నం తినకముందు ఒకటి, తిన్నాక ఒకటి. నీ రక్తం మాత్రం బండరాయి."

"నీది గుడ్డ టేపు. నాది మిషను."

"నా టేపుని ఏమన్నా అంటే ఊరుకోను. గుడ్డ టేపు సాగుతుందని నాకు తెలుసు. అందుకే నెల మొదట్లో ఆ ఇనప స్కేలు పక్కన పెట్టి చూస్తా. నూలుపోగంత తేడా వచ్చినా చించి మూట కట్టుకోడానికి వాడతా. అది మా మేస్త్రీని చూసి నేర్చుకున్నా."

"మీ మేస్త్రీ కథలు మళ్ళీ మొదలుపెట్టకు."

"నీకిది చెప్పలేదు. నాకు కత్తెర పట్టడం నేర్పినాయన. మహా పొగరు. మనిషిని టేపుతో కొలిచేవాడు, గుడ్డ దగ్గరికొచ్చేసరికి టేపు ముట్టుకునేవాడు కాదు. ఇదిగో, ఈ బొటనవేలు పెట్టి, నా వేలు అంటే అంగుళం, అని కత్తిరించేవాడు. నిజంగానే అంగుళమే ఉండేది, స్కేలు పెట్టి చూసినా. ముప్పై ఏళ్ళు అలా నడిచింది."

"తరవాత?"

"తరవాత ఒక ఏడాది కుట్టినవన్నీ లూజు. చొక్కాలు లూజు, లాగులు లూజు. జనం తెచ్చి మొహాన కొడుతున్నారు. ఆయన ఒప్పుకోడే! ఊరంతా చిక్కిపోతోంది, తిండి సరిగ్గా తినట్లేదు, నా తప్పేముంది, అని అందర్నీ తిట్టేవాడు."

"ఏమైందట?"

"కీళ్ళవాతం. వేళ్ళు వాచాయి. అంగుళం వాచిపోయింది పాపం."

"అయ్యో! ఊరంతా చిక్కిపోయిందన్నాడా? హహ్హ! వేలు వాచిందని తెలియదా మనిషికి? వెధవ పొగరు కాకపోతే, స్కేలు తీసి ఒక్కసారి చూసుకోవచ్చుగా!"

"నేనూ అదే అనుకున్నా. మరి నీ మిషను సాగదా?"

"సాగడమేంటి, మిషను! కాకపోతే ముసలిదైంది. ఈ మధ్య తిక్క చేస్తోంది. పైపైకి చూపిస్తుంది. దాని చెవి మెలిపెట్టి కిందికి దింపుతా."

"దింపుతావా?"

"అందులో ఒక సర్దుబాటు ఉంటుందిలే. సోమవారం సోమవారం చూస్తా. ఎక్కువ చూపిస్తే కాస్త తగ్గిస్తా. మళ్ళీ వారానికి మళ్ళీ ఎక్కుతుంది. మొండి ఘటం. నేను కాబట్టి నెట్టుకొస్తున్నా, ఇంకొకరైతే ఎప్పుడో చేతులెత్తేసేవాళ్ళు."

"ఎంత తగ్గించాలో నీకెలా తెలుస్తుంది? నాకు ఇనప స్కేలు ఉంది. నీకేముంది?"

"దానికి కంపెనీవాడు చిన్న సీసా ఇస్తాడు. అందులో ఎంత ఉందో ముందే రాసి ఉంటుంది. అది మిషనులో పెడితే రాసినంతే చూపించాలి. లేకపోతే మిషను తప్పుతున్నట్టు."

"ఆఁ, అది సబబుగా ఉంది. అదే నీ ఇనప స్కేలు."

"అనుకో."

"ఆ సీసా చూసి దింపుతున్నావన్నమాట."

"సీసా ఇప్పుడెక్కడిది? మా ఓనరు ఆపేసి మూడేళ్ళయింది. ఖరీదట. దూదిని కూడా మూడు ముక్కలు చేసి వాడమనే రకం వాడు."

"సీసా లేదా?"

"లేదు."

"మరి దేన్ని చూసి దింపుతున్నావే?"

"ఒక ఏర్పాటు చేశాలే. ఊరికే కూర్చుంటానా? నువ్వు కాలరు సంగతి చూడు."

"ఏం ఏర్పాటు?"

"ఆఖరి సీసా అయిపోయే ముందు ల్యాబులో పనిచేసేవాళ్ళందరి రక్తం చూశా. ఒకరిది ఎక్కువ, ఒకరిది తక్కువ. నాది చూస్తే, రెండు పాయింట్ ఒకటి! పుస్తకంలో అచ్చేసినట్టు. ఇరవై ఏళ్ళలో ఒక్కరోజు జ్వరమని సెలవు పెట్టని మనిషిని కదా మరి. అప్పట్నుంచి సోమవారం పొద్దున్నే నా రక్తమే తీసి మిషనులో పెడతా. రెండు పాయింట్ ఒకటి చూపించాలి. ఎక్కువ చూపిస్తే దింపుతా. కంపెనీ సీసా ఎందుకు, దండగ. అదేంటి, కత్తెర కింద పెట్టేశావ్?"

"ఏం లేదు."

"ఎందుకలా చూస్తున్నావ్?"

"నీ రక్తం పెట్టావు. మిషను ఎక్కువంది."

"అవును."

"నువ్వు మిషను చెవి మెలిపెట్టావు."

"చెప్పాగా, ముసలి మిషను..."

"మళ్ళీ వారం నీ రక్తం పెట్టావు. మళ్ళీ ఎక్కువంది. మళ్ళీ మెలిపెట్టావు."

"అయితే ఏంటి?"

"మా మేస్త్రీ బొటనవేలు, మరదలా."

"ఏం కూస్తున్నావ్?"

"ఊరంతా చిక్కిపోతోందన్నాడు. స్కేలు తీసి చూసుకోలేదు."

"నోర్ముయ్. నీకు ఇందులో ఓనమాలు తెలియవు. నేను ఇరవై ఏళ్ళుగా... నా రక్తం ఎప్పుడూ... కాదు. కాదు వదినా. మిషను పాతది, అందుకే ఎక్కుతోంది."

"మిషనేనా ఎక్కింది, నువ్వా? పుస్తకం చూడు. మూడేళ్ళ కిందట పదమూడు. సీసా ఎప్పుడు ఆగింది?"

"మూడేళ్ళు."

"ఇప్పటికి మొత్తం ఎంత దింపావు?"

"కొంచెం కొంచెమే."

"కొంచెం కొంచెం కలిపితే ఎంత? నీళ్ళు నమలకు."

"ఇప్పుడది... ఆగు. మిషను చూపించేదాన్ని నాలుగో వంతు చేస్తున్నా."

"లెక్కల టీచరు ఎంతంది?"

"నాలుగో వంతు."

"హాల్లో అందరూ నవ్వారన్నావు."

"ఊఁ."

"నీది అసలు ఎంతన్నమాట?"

"ఎనిమిది. ఎనిమిది పైన."

"ఎనిమిదంటే ఏమిటి? నాకు అర్థమయ్యేలా చెప్పు."

"గ్రంథి మందగిస్తే ఆ అంకె పెరుగుతుంది. నాది మందగించింది. పని చెయ్యలేక, చెయ్యలేక వాచింది. అందుకే చలి. అందుకే జుట్టు. అందుకే ఈ బొంగురు గొంతు. రోజూ అందరికీ చదివి వినిపించే వరసే వదినా. ఒకటి తర్వాత ఒకటి నా ఒంటి మీదే ఉన్నాయి."

"కోయాలా దానికి?"

"ఎనిమిది అని రాసుంటే ఎవడూ కత్తి మాటెత్తడు. ముందు మాత్ర రాస్తాడు. పొద్దున్నే ఒక చిన్న మాత్ర. అంతే."

"ఆ మాత్ర నాకు తెలుసు. నేనూ వేసుకుంటాగా."

"వదినా..."

"నాది సగం చేయించావు. గుర్తుందా?"

"నేను చేయించలేదు. నీ అంకె బాగా కిందికొచ్చింది. పాయింట్ నాలుగు. మాత్ర ఎక్కువైందని డాక్టరు తగ్గించాడు."

"ఎవరి రిపోర్టు చూసి తగ్గించాడు?"

"నా... మాది."

"అప్పట్నుంచీ కుర్చీలో కూర్చుని నిద్రపోతున్నా. ఎడమ చేతికి కుడి చెయ్యి కుట్టా. ముప్పై ఏళ్ళలో అలాంటిది లేదు. నీతో చెప్తే ఏమన్నావ్?"

"వయసన్నా."

"వయసన్నావు! ఆ తర్వాత మళ్ళీ పరీక్ష చేసి, రెండొచ్చింది వదినా, భేషుగ్గా ఉన్నావు, అని భుజం తట్టావు. రెండుని నాలుగుతో హెచ్చిస్తే ఎంతే?"

"ఎనిమిది."

"భేషుగ్గా ఉన్నాను."

"తిట్టు. తిట్టెయ్యి."

"తిట్టడానికి ఓపికేది? నువ్వే తీసేశావుగా. ఊళ్ళో ఎంతమందికి ఇచ్చావు ఈ రిపోర్టులు?"

"అడక్కు."

"ఎంతమందికి?"

"రోజుకి ఇరవై, ముప్పై. ఈ మధ్య చాలామందికి బాగా తక్కువ వస్తోంది. నీళ్ళ మార్పేమో అనుకున్నా. ఓనరుతో అన్నా కూడా, ఊరంతా ఇలా ఉందేంటి సార్ అని."

"ఊరంతా చిక్కిపోతోంది."

"ఆపు వదినా. దణ్ణం పెడతా, ఆపు. వినిపించుకో. దీనికి ఒక దారుంది. రేపు కంపెనీకి ఫోన్ చేసి నా డబ్బులతో సీసా తెప్పిస్తా. వచ్చాక కొంచెం కొంచెంగా మళ్ళీ పైకి జరుపుతా. ఈ వారం కాస్త, పై వారం కాస్త. ఎవరికీ అనుమానం రాదు. ఆరు నెలల్లో అంతా సర్దుకుంటుంది."

"గుండీ జరుపుతావన్నమాట."

"ఏంటి?"

"కాలరు పట్టకపోతే గుండీ జరిపి మెడ సన్నబడిందని చెప్తావు. ఛీ. ఇరవై ఏళ్ళ పనంటే ఇదా?"

"నీకేం, నువ్వు మాట్లాడతావ్. నా ఉద్యోగం పోతుంది. నా మొహాన ఉమ్మేస్తారు."

"నువ్వు హాల్లో పెట్టి ఆవిడని ఏం చేశావు మరి?"

"అది వేరు..."

"ఏం వేరు? నీకు చలేస్తే ఏసీ. ఆవిడకి చలేస్తే తీరిక. డాక్టరు వెధవ, ఓనరు పిసినారి, కొత్త ల్యాబువాళ్ళు గుడ్డివాళ్ళు, మా తమ్ముడు మొద్దు. ఊళ్ళో సరైన మనిషివి నువ్వొక్కదానివే. అందుకే కదూ నీ రక్తం పెట్టింది?"

"అదుగో, తలుపు."

"మాట దాటెయ్యకు."

"కాదు, నిజంగానే ఎవరో వచ్చారు."

"రండి టీచరుగారూ, రండి. మీ చొక్కా అయిపోయింది. ఈ దారం తెంపితే చాలు."

"కాలరు వదులు చేశారా అండీ? కొంచెం ఎక్కువే వదలండి, ఊపిరాడట్లేదు. ఓ... మీరు కూడా ఉన్నారా? ల్యాబు మేడమ్‌ గారు కదూ? చూడలేదు, క్షమించండి. కంగారు పడకండి, మళ్ళీ పరీక్షకి రానులెండి."

"కూర్చోండి."

"వద్దండీ, కూర్చుంటే మళ్ళీ లేవలేను. మీరన్నది నిజమేనండీ. అంతా నా మనసులోనే ఉందట. మా ఇంట్లో అందరూ మీ మాటే చెప్తున్నారు. ల్యాబులో ఆవిడే చెప్పింది కదా నీకేమీ లేదని, ఇంకా మంచం దిగవేం అని. బళ్ళో ఉద్యోగం మానేశాను. పాఠం మధ్యలో ఏడెనిమిదులు ఎంతో గుర్తు రాలేదండీ, పిల్లలు నవ్వారు. మనసుకి మాత్రలు రాసిచ్చారు, అవి వేసుకుంటున్నా. మీరు అంత గట్టిగా చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నిజంగా ఏదో రోగం ఉందనుకుంటూ తిరిగేదాన్ని."

"మరదలా. చొక్కా నేనిస్తాలే. నువ్వు బయల్దేరతావా, గుండీ జరుపుకోడానికి?"

"లేదు వదినా. ఈ స్వెట్టరు తీసేస్తున్నా, కాస్త పట్టుకో. టీచరుగారూ, ఒక్క నిమిషం. మీకేమీ లేదని నా రిపోర్టు చెప్పలేదండీ. నాలా ఉన్నారని చెప్పింది. ఇదిగో, నా మెడ చూడండి."